మెట్ల కింద కుర్చీ

నన్ను మొదట అనుమానించింది సూర్యాపేట దవాఖానలో ఒక డాక్టరు. నేను మనుషుల్ని అనుమానించడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. ఈ వరుసను చదివేవాళ్ళు సరిగ్గా గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే మా శాఖలో అందరూ దీన్ని తిరగేసి చెబుతారు. ఆమెది అనుమానపు బుద్ధి, అందుకే ఆమెతో ఎవరికీ పడదు అంటారు.

నాకు పోలియో. ఎడమ కాలు చిన్నప్పుడే సన్నబడిపోయింది. తుంగతుర్తి దగ్గరి మా ఊళ్ళో ఆ కాలు సంగతి తెలియని ఇల్లు లేదు. దివ్యాంగుల కోటాలో పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటుగా ఎంపికయ్యాను. సర్టిఫికెట్ ఉంది, ఫొటో ఉంది, కాలు ఉంది. అయినా చేరే ముందు ఇంకోసారి డాక్టర్లకు చూపించాలన్నారు. వెళ్ళాను.

డాక్టరు కాలికి ఊతంగా కట్టుకునే క్యాలిపర్ విప్పమన్నాడు. విప్పాను. గోడ దాకా నడవమన్నాడు. నడిచాను. మళ్ళీ నడవమన్నాడు.

"జర జల్ది నడువమ్మా."

"జల్ది నడిస్తే గీ లైన్ల ఎందుకు నిలబడుత సార్?" అన్నాను.

ఆయన పక్కనున్న ఇంకో డాక్టరు వైపు తిరిగి, "ఈ మధ్య శానామంది మంచిగ నటిస్తున్నరు" అన్నాడు. గొంతు తగ్గించలేదు. నాకు వినబడాలనే అన్నాడు.

దొంగ సర్టిఫికెట్లతో వచ్చేవాళ్ళు ఉన్నారని నాకు తెలియక కాదు. వాళ్ళు తినేది నా వాటా కాబట్టి వాళ్ళ మీద ఆ డాక్టరు కంటే నాకే కోపం ఎక్కువ. కానీ ఆ రోజు వాళ్ళెవరూ ఆ గదిలో లేరు, నేనే ఉన్నాను. చివరికి సంతకం పెట్టాడు. కాగితం నా చేతికి ఇవ్వకుండా బల్ల మీద పడేశాడు. వంగి తీసుకున్నాను. ఆయన వేలికున్న పచ్చరాయి ఉంగరం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మొదటి పోస్టింగు కోదాడ. మా శాఖ లెక్కల్లో జిల్లాల గీతలు వేరు. కోదాడ ఆఫీసూ, మిర్యాలగూడ ఆఫీసూ రెండూ సూర్యాపేటలో ఉన్న పెద్దాఫీసు కిందికే వస్తాయి. చేరిన రోజు కోదాడ సూపరింటెండెంటు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. కిటికీ పక్కన కొత్త కుర్చీ, దాని మీద పూల గలీబు తొడిగిన దిండు.

"రండమ్మా, రండి. మీకోసమే ప్రత్యేకంగా తెప్పించాం. హాయిగా కూర్చోండి."

"నాకు ఏ సెక్షన్ సార్?" అని అడిగాను.

"సెక్షనా?" నేనేదో అడగరానిది అడిగినట్టు నవ్వాడు. "ఎందుకమ్మా మీకా గొడవంతా? వచ్చి సంతకం పెట్టండి, చాలు. వానొచ్చిన రోజు రాకపోయినా మేమేం అనుకోం."

ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ సంబరపడింది. జీతం ఉంది, పని లేదు, ఇంకేం కావాలి బిడ్డా అంది. నాకు మాత్రం ఆ దిండు నచ్చలేదు. ఫైళ్ళ మధ్య తలెత్తడానికి వీల్లేక తిట్టుకునే మనుషులు పక్కనే ఉండగా నాకొక్కదానికే ఇంత మర్యాద ఎందుకు? మర్యాద చేసేవాడు ఏదో ఒకటి తీసుకునే ఉంటాడని నాకు గట్టి నమ్మకం. ఆయన ఏం తీసుకున్నాడో అప్పుడు పోల్చుకోలేకపోయాను. సెక్షన్ ఇవ్వమని రాసిచ్చాను. జవాబు నోటితో వచ్చింది, "చూద్దాం లెండమ్మా" అని. కోదాడలో ఉన్నంతకాలం చూస్తూనే ఉన్నారు.

తర్వాత మిర్యాలగూడకు బదిలీ అయ్యింది. అక్కడి ఆఫీసు ఒక బియ్యం వ్యాపారి మేడ మీద కిరాయికి ఉండేది. కింద షట్టరు వేసిన పెద్ద హాలు నిండా సేటు బియ్యం బస్తాలు. పక్కనుంచి నిటారుగా మెట్లు. పట్టుకోవడానికి ఒకవైపు గోడ, ఇంకోవైపు ఏమీ లేదు. మొదటిరోజు ఎక్కాను. పైకి చేరేసరికి చెమటతో జాకెట్టు తడిసింది. మిర్యాలగూడ సూపరింటెండెంటు నన్ను చూసి నొచ్చుకున్నాడు.

"అయ్యో, నువ్వెందుకెక్కినవమ్మా? కిందనే కూసోబెడుదుము గద."

మర్నాటికి మెట్ల కింద, మామూలుగా చీపుర్లూ బక్కెట్లూ పెట్టుకునే చోట, నాకొక కుర్చీ వెలిసింది. ముందు చిన్న బల్ల. నా తల మీదుగా రోజంతా చెప్పుల చప్పుడు. ఎవరైనా వచ్చి ఫలానా సారు ఎక్కడ అని అడిగితే పైకి చెయ్యి చూపించడమే నా ఉద్యోగం. హాజరు పుస్తకం కూడా అటెండరు కిందికే తెచ్చేది. అటెండరు నాకంటే పెద్దావిడ, నేను అక్కా అని పిలిచేదాన్ని, నోరు మంచిది కాదు కానీ మనిషి మంచిది. ఒకరోజు ఆవిడే చెప్పింది.

"నిన్ను పైన ఏమంటరో ఎరుకేనా? కోటా మేడం అంటరు."

"ఎవరన్నరు?"

"అందరు. నీ పేరే తెల్వది సగం మందికి."

సేటును హాలు అడిగి సెక్షన్లలో ఒకటి కిందికి దించమని సూపరింటెండెంటును కోరాను. వికలాంగ ఉద్యోగి పనిచేయడానికి వీలున్న చోటు చూపించాలని ఉత్తర్వులు ఉన్నాయి, ఆ సంగతి ఆయనకూ తెలుసు. వారం తిరిగాక వచ్చి పెదవి విరిచాడు. "సేటు ఇయ్యనంటుండమ్మా. బియ్యం యాపారం వాళ్ళది, గోదాము ఎట్ల ఇడుస్తరు?" ఆ రోజు నుంచి సేటు నాకు పగవాడయ్యాడు. పొద్దున షట్టరు తీస్తూ నమస్తే పెట్టేవాడు. నేను నా మూడు చక్రాల స్కూటీ స్టాండు వేసుకుంటూ తల తిప్పుకునేదాన్ని.

సూర్యాపేట పెద్దాఫీసుకు అర్జీ పంపాను. మా శాఖలో అర్జీ ఎలా తిరుగుతుందో బయటివాళ్ళకు తెలియదు. ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్ళకే 'తగు చర్య నిమిత్తం' అని రాసి పంపుతారు. నా అర్జీ మిర్యాలగూడకు వచ్చి, సూపరింటెండెంటు బల్ల మీద కూర్చుంది. ఆయన 'ఉద్యోగినికి కింది అంతస్తులో వసతి కల్పించడమైనది' అని రాసి పంపాడు. ఫిర్యాదు పరిష్కారమైనట్టు నాకు ఫోనులో మెసేజి వచ్చింది. మెట్ల కింద కూర్చుని చదువుకున్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో, అదే నాకు మంట.

ఆ ఏడు పంద్రాగస్టుకు జెండా డాబా మీద ఎగరేశారు. నేను రానన్నా వినకుండా ఇద్దరు మగవాళ్ళు నన్ను కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లెక్కించారు. మలుపు దగ్గర కుర్చీ ఒరిగితే గోడ పట్టుకున్నాను, గోళ్ళలో సున్నం ఇరుక్కుంది. పైన చప్పట్లు కొట్టారు. ఫొటో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెడితే దాని కింద అందరూ దండం బొమ్మలు పెట్టారు. నన్ను ఎత్తడానికి అంత బలం ఉన్నవాళ్ళకు ఒక ఫైలు కిందికి తేవడానికి బలం ఎందుకు లేకపోయిందని రాద్దామనుకున్నాను. గ్రూపులో మిగతావాళ్ళు బొమ్మలు పెట్టొచ్చు కానీ, సూపరింటెండెంటు తప్ప ఇంకెవరూ రాయకుండా కట్టేసి ఉంది.

అయితే ఫైళ్ళు కిందికి రాలేదంటే అది పూర్తి నిజం కాదు. దొంగతనంగా వచ్చేవి.

నా తర్వాత ఉద్యోగంలో చేరిన ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని. పైన కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు పాతదొకటి నా బల్ల మీద పెట్టించాడు. "టైంపాస్ అయితదక్కా" అన్నాడు. ఒకరోజు చాయ్, మిరపకాయ బజ్జీ పట్టుకుని దిగాడు.

"అక్కా, జర గీ నోటు సూడవా? సార్ మూడుమార్లు తిప్పికొట్టిండు."

చూశాను, తిరగరాశాను. అది ఒకేసారికి పాసయ్యింది. ఆ తర్వాత రోజూ చాయ్ వచ్చేది, చాయ్ వెంట ఫైలు వచ్చేది. మా ఆఫీసులో పాత కాగితాలు కట్టల్లోనే ఉన్నా, ఫైలు మీద రాసే నోట్లూ జవాబులూ అన్నీ కంప్యూటర్లోనే నడుస్తాయి. ఎవరి లాగిన్‌తో వాళ్ళు లోపలికి వెళ్ళాలి, ఎవరు ఏం రాశారో అందులో పేరుతో సహా పడుతుంది. నాకు లాగిన్ లేదు. అడిగితే సెక్షన్ లేని మనిషికి లాగిన్ ఎందుకన్నారు. సెక్షన్ అడిగితే లాగిన్ లేని మనిషికి సెక్షన్ ఎట్లా ఇస్తామన్నారు. అందుకని తమ్ముడి లాగిన్‌లోనే, అతను చెప్పిన పాస్‌వర్డుతోనే రాసేదాన్ని. అక్కడ ఎవరికీ అది తప్పనిపించదు. ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి తెలియని సెక్షన్ మా శాఖలో లేదు. పని చేతికి దొరికిందన్న ఆకలితో చేశాను. ఆడిట్ వాళ్ళు పాత లెక్కల మీద లేవనెత్తిన అభ్యంతరాలకు జవాబులన్నీ నేనే తయారుచేస్తూ వచ్చాను. చాయ్ మీద నాకు అనుమానం ఉండేది. కానీ తాగాను.

అప్పుడు ఒక సీనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ అయ్యింది. ఏ ఖాళీ ఎవరి వంతో చెప్పే రోస్టరు ప్రకారం అది వికలాంగుల వాటాకు వచ్చింది. మా పరిధిలో ఆ వరుసలో ఉన్నది నేనొక్కదాన్నే. అటెండరక్క పైనుంచి కబురు మోసుకొచ్చింది. నేను ఈసారి ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి సూపరింటెండెంటు ముందు నిలబడ్డాను.

"కూసో అమ్మా, కూసో. నాకు నీకే రావాల్నని ఉంటది. కాని ప్రపోజల్ల నువ్వు ఏ సెక్షన్ సూసినవో రాయాలె. నువ్వు ఏ సెక్షనూ సూడలేదాయె. 'తగిన అభ్యర్థి లేరు' అని రాయాల్సొస్తది."

"రాస్తే ఎవరికి పోతది సార్?"

ఆయన కిటికీలోంచి చూశాడు. "ఇగ రూల్ ప్రకారం ఎవరికి పోవాల్నో వాళ్ళకు పోతది. మన పిలగాడు ఉన్నడు. మంచిగ పని చేస్తడు, ఆడిట్ జవాబులన్ని ఆయనే రాసిండు."

కోదాడ దిండు కింద ఏముందో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ నా మీద జాలి పడి పని చెప్పలేదు. పని చేయలేదు కాబట్టి ఇప్పుడు ప్రమోషన్ లేదు. చేసిన పనేమో వేరే మనిషి పేరు మీద ఉంది. ముందే అనుకుని చేశారా, జరుగుతూ జరుగుతూ ఇలా కుదిరిందా అని కొందరు నన్ను అడిగారు. అనుకోకుండా ఇంత సక్రమంగా ఏ పనీ మా శాఖలో జరగదు, అది నా అభిప్రాయం.

మర్నాడు తమ్ముడు చాయ్ తెచ్చాడు. తాగాను. ఫైలు ముట్టుకోలేదు. ఆ తర్వాతి రోజూ అంతే. వారంలో ఆడిట్ వాళ్ళు వస్తారు, జవాబులు సగంలో ఉన్నాయి. నేను బల్ల మీద చేతులు పెట్టుకుని, వచ్చినవాళ్ళకు పైకి చెయ్యి చూపిస్తూ, నాకు అప్పజెప్పిన ఉద్యోగం సక్రమంగా చేశాను. చివరికి మెట్ల మీద పెద్ద చెప్పుల చప్పుడు వినబడింది. సూపరింటెండెంటు దిగాడు, వెనకే తమ్ముడు.

"ఇయ్యాల మెట్లకు పండుగొచ్చింది, సార్లందరు దిగుతున్నరు" అంది అటెండరక్క, చీపురు పక్కన పెట్టి.

"ఏందమ్మా, పాణం బాగలేదా?" సూపరింటెండెంటు అడిగాడు.

"మంచిగనే ఉన్న సార్."

"మరి ఆ జవాబులు?"

"నాకు సెక్షన్ లేదు గద సార్. లాగిన్ లేదు. నేనెట్ల రాస్త?"

తమ్ముడు ముందుకొచ్చాడు. "అక్కా, గిట్ల నడుమల ఇడిసిపెడితె ఎట్లనే? నా ఇజ్జత్ పోతది."

"నీ ఫైళ్ళు, నీ లాగిన్. నువ్వే రాసినవని ఉంది గద తమ్మీ కంప్యూటర్ల. గా చేత్తోనే రాయి."

"నాకు గా పాత లెక్కలు తెల్వయ్ గదనే."

అటెండరక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూపరింటెండెంటు గొంతు మెత్తబడింది. "సూడమ్మా, నీకు సెక్షన్ ఇయ్యొద్దని నాకేమన్న ఉంటదా? హాలు ఉంటే ఎప్పుడో కిందికి దించుదును. ఆ సేటు ఇయ్యనంటే నేనేం చెయ్యాలె?"

షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల బస్తాల దగ్గర నిలబడ్డ సేటు వంగి బయటికి వచ్చాడు. భుజం మీద తువ్వాల, మోచేతుల దాకా తవుడు.

"నేనెప్పుడు ఇయ్యనన్న సారూ?"

సేటు తువ్వాలతో చేతులు దులుపుకున్నాడు.

"మీరు నన్ను అడిగిందెప్పుడు, నేను ఇయ్యనన్నదెప్పుడు? బస్తాలు మిల్లుకు తోలితే అయిపాయె. గవర్నమెంటు కిరాయి ఎవరికి చేదు?" నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నేను నమస్తె పెడితే మొకం తిప్పుకుంటుంటివి, గిందుకేనా?"

సూపరింటెండెంటు, "అదే... అడుగుదామనే అనుకున్న" అన్నాడు. ఆయన మొహం చూడ్డానికి నాకు ఆ రోజు మెట్లెక్కే అవసరం రాలేదు, ఎదురుగానే ఉంది. ఇక సేటు విషయం అంటారా, ఆయన మంచివాడేనని అందరూ చెబుతారు. కావచ్చు. కానీ అంత పెద్ద హాలు కిరాయికి ఇచ్చే ఉద్దేశం ఉన్న వ్యాపారి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పొద్దా? ఆ ప్రశ్నకు నాకింకా జవాబు దొరకలేదు.

సాయంత్రానికి నా పేరు మీద లాగిన్ వచ్చింది. హాలు ఖాళీ కాకముందే సెక్షన్ ఇచ్చినట్టు ఉత్తర్వు చేతిలో పెట్టించుకుని, ఆడిట్ జవాబులు నా లాగిన్‌లో పూర్తి చేశాను. కానీ ప్రపోజల్ మాట ఎత్తితే సూపరింటెండెంటు మళ్ళీ కిటికీలోంచి చూడసాగాడు. సెక్షన్ నిన్న మొన్న ఇచ్చిందేనాయె, పెద్దాఫీసు వాళ్ళు ఒప్పుకుంటారో లేదో అన్నాడు. నేను సూర్యాపేట బస్సెక్కాను.

పెద్దాఫీసు అధికారి మర్యాదస్తుడు. నన్ను కూర్చోబెట్టి, ఫైలు తిరగేసి, నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే వేశాడు.

"మరి ఇన్నేళ్ళు ఏం చేసినవమ్మా?"

ఇది మామూలు ప్రశ్నే, కానీ నాకు ఉరి లాంటిది. ఏమీ చేయలేదంటే ప్రమోషన్ పోతుంది. చేశానంటే, ఇంకొకరి పాస్‌వర్డుతో చేశానని ఒప్పుకోవాలి. అది ఇచ్చినవాడికీ వాడినదానికీ ఇద్దరికీ తప్పే. నేను ముందే రాసి తెచ్చుకున్న కాగితం ఆయన ముందు పెట్టాను. ఏ ఫైళ్ళు రాశానో, ఎవరి లాగిన్‌లో రాశానో, ఎవరెవరికి ఆ సంగతి తెలుసో అంతా ఉంది అందులో. ఆయన చదివి లేచి తలుపు మూశాడు.

"ఇది నేను తీసుకుంటే ఆ పిలగానికి మెమో పోతది. నీకు కూడ పోతది. ఎరుకేనా?"

"ఎరుకే సార్."

"మరెందుకు ఇస్తున్నవ్?"

"మీరు అడిగిన్రు గద సార్, ఏం చేసినవని."

చాలాసేపు కాగితం అంచు సరిచేస్తూ కూర్చున్నాడు. ఆయన ఆలోచన నాకు అర్థమైంది. మా ఒక్క ఆఫీసుతో ఆగే సంగతి కాదది. విచారణ మొదలైతే ఆయన బల్ల చుట్టూ ఉన్న సెక్షన్లలో ఎవరి పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో కూడా బయటికొస్తుంది.

"నువ్వు ఇది వాపస్ తీసుకో అమ్మా. సెక్షన్ ఇయ్యకపోవుడు ఆఫీసు తప్పు, నీ తప్పు కాదు. గా ముక్క రాసి ప్రపోజల్ పంపిస్త."

"పంపండి సార్. అప్పటిదాక కాగితం మీ బల్ల మీదనే ఉండనీయండి. నేను బయట కూసుంట."

"నమ్మకం లేదా?"

"లేదు సార్."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. మధ్యాహ్నం అన్నం వేళ దాటాక ప్రపోజల్ ఆయన లాగిన్ నుంచి పైకి వెళ్ళినట్టు స్క్రీను మీద చూపించారు. నా కాగితం నేను తీసుకున్నాను. చింపెయ్యమన్నాడు. సరే సార్ అన్నాను. ఇంట్లో బీరువాలో ఉంది.

తమ్ముడికి ఈ సంగతి ఎట్లా తెలిసిందో తెలిసింది. మర్నాడు హాల్లో బస్తాలు ఖాళీ చేయిస్తున్న చోటికి వచ్చి నిలబడ్డాడు.

"నా పేరు రాసినవంట గదక్కా."

"రాసిన."

"నేను నీకు రోజు చాయ్ తెచ్చిచ్చిన గదనే."

"గది కూడ రాయమంటవా?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి అతనికి. నిజమైన నీళ్ళేనా అని నేను దగ్గరగా చూశాను. చెప్పలేను. ఆ రోజు నుంచి చాయ్ మానేశాడు. పాస్‌వర్డు కూడా మార్చుకున్నాడని అటెండరక్క చెప్పింది.

కొన్ని నెలలు ఆ హాల్లోనే పనిచేశాను. ఎంత కడిగినా నేల పగుళ్ళలోంచి తవుడు లేచేది, సాయంత్రానికి నా క్యాలిపర్ తెల్లబడేది. నా బల్ల మీదికి మొదటిసారి ఫైళ్ళు అందరూ చూస్తుండగా వచ్చాయి. పైవాళ్ళు ఏదో సాకుతో దిగివచ్చి నేను నిజంగా పని చేస్తున్నానా లేదా అని చూసిపోయేవాళ్ళు. చూడనిచ్చాను.

ప్రమోషన్ ఉత్తర్వు వచ్చింది. సీనియర్ అసిస్టెంటు, కోదాడ. పేరు, హోదా, ఊరు, ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. తప్పులేమీ లేవు. సూపరింటెండెంటు మిఠాయి తెప్పించి నా పక్కన నిలబడి ఫొటో దిగాడు. నాకు కోదాడ ఎందుకు ఇచ్చారని మాత్రం ఆ రాత్రంతా ఆలోచించాను.

మర్నాడు కోదాడ నుంచి ఫోను వచ్చింది. అక్కడి సూపరింటెండెంటు మారిపోయాడట, ఈయన కొత్తవాడు. గొంతు మాత్రం ఆ పాత ఆయన గొంతులాగే తియ్యగా ఉంది.

"కంగ్రాచ్యులేషన్సమ్మా. మీ గురించి అంతా విన్నాను. మీరేం కంగారు పడకండి, ఇక్కడంతా సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన మీ పాత కుర్చీ అలాగే ఉంచాం. దిండు కూడా మార్పించాను."

"సంతోషం సార్" అన్నాను. "నాకు లాగిన్ చేయించిన్రా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది. ఎవరో ఎవరినో ఏదో అడుగుతున్నారు. నేను ఫోను పెట్టెయ్యకుండా పట్టుకునే కూర్చున్నాను.